"కని"యా, "గని"యా? సుమతి పద్యం మూడో పాదం

నల్లగొండ: నిన్న మా కోర్టులో ఒక హత్య కేసు వాదనలు విన్నాను. ముద్దాయిలు తొమ్మిది మంది. డిఫెన్స్ వకీలు సాబ్ చివర్లో "వినదగు నెవ్వరు చెప్పిన" ఎత్తుకుని, మూడో పాదం "గని కల్ల నిజము దెలిసిన" అని చదివారు. నాకు బడిలో వచ్చింది "కని". ఇంతకీ ఆ "కని" కళ్ళతో చూడడమేనా? అయితే ఇది ప్రత్యక్ష సాక్షి పద్యమే కదా. రాత్రి నుంచి ఇదే బుర్రలో తిరుగుతోంది.

సూర్యాపేట: రెండూ సరైనవే. రెండో పాదం "వివరింపదగున్" అని ద్రుతంతో, అంటే చివరి "న్"తో ఆగింది. దాని తర్వాతి "క" "గ" అవుతుంది, అందుకని కలిపి చదివితే "గని", విడిగా చదివితే "కని". ప్రాస నకారానికి ఢోకా లేదు.

వనపర్తి: సంధి సరే అన్నా, అర్థం? "కని" అంటే కనుగొని. చూసినవాడు సాక్షి. పద్యంలో ఉన్నది వినేవాడు, అంటే తీర్పరి. తీర్పరి ఘటనను చూడడు కదా.

మిర్యాలగూడ: మీరంతా మూడో పాదం దగ్గరే ఆగారు. అసలు కీలకం "వివరింప". అది విడమరిచి చెప్పడం కాదు, విడదీసి చూడడం. ముప్పై ఏళ్ళు సాక్షుల వాంగ్మూలాలు రాసిన అనుభవంతో అంటున్నాను. సాక్షి బోనెక్కి "అందరు కలిసి కొట్టిండ్రు" అంటాడు. గొడ్డలి ఎవరిది, కట్టె ఎవరిది, ఊరికే నిలబడ్డది ఎవరు? ఆ ఒక్క "డ్రు"లో తొమ్మిది మందీ పడిపోతారు. పైగా మన దగ్గర మర్యాదకూ "డ్రు"నే. "పటేలు కొట్టిండ్రు" అంటే ఒక్కడే కావచ్చు. ఒకసారి ఈ మాట మీదే క్రాస్, అంటే ఎదుటి వకీలు ప్రశ్నలు, అరగంట నడిచింది. చివరికి జడ్జి గారు వేళ్ళు మడిచి చూపించమన్నారు. సాక్షి మూడు వేళ్ళు మడిచాడు.

దేవరకొండ: గుంపు నేరానికి ప్రతి సభ్యుడినీ బాధ్యుడిని చేసే సెక్షన్, పాత శిక్షాస్మృతిలో 149, ఇప్పటి న్యాయ సంహితలో 190, పెట్టాక ఎవరి దెబ్బ ఎవరిదో తేల్చే పని లేదు కదా సారూ? ఐదుగురు, ఉమ్మడి లక్ష్యం, గుంపులో సభ్యుడు. అంతే.

మిర్యాలగూడ: సభ్యుడని తేలాలిగా! 1964లో మసల్తీ కేసులో సుప్రీంకోర్టు ఈ జాగ్రత్తే చెప్పింది. గుంపు పెద్దదైతే ఒక్కొక్కరి మీదా ఇద్దరో ముగ్గురో, అంతకు మించో సాక్షుల మాట పొంతనగా ఉండాలి. కేకలు విని చూడడానికి వచ్చినవాడికి యావజ్జీవం పడకూడదు.

గద్వాల: అట్లయితే సుమతి కన్నా వేమన నయం. "ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు, చూడచూడ రుచుల జాడ వేరు." ఎందుకు రెండుసార్లు "చూడ"? మొదటిది చీఫ్, అంటే సాక్షిని పిలిచిన పక్షం వకీలు అడిగేది, రెండోది క్రాస్ అని నా నమ్మకం. పైగా చూపుతో మొదలెట్టి రుచితో తేల్చాడు మహానుభావుడు. కళ్ళొక్కటే చాలవని ఇంత తేలిగ్గా ఎవరు చెప్పగలిగారు?

సూర్యాపేట: అది ఆమ్రేడితం అన్నా, చూసేకొద్దీ అని అర్థం. వేమన మీద ప్రేమ నాకూ ఉంది, కానీ వ్యాకరణం దాటి పోవద్దు.

అచ్చంపేట: నాకు పేపర్ల మాట మీదే కోపం. "సందేహానికి తావు లేకుండా రుజువైంది" అని రాస్తారు. "సహేతుక" ఎక్కడికి పోయింది? ఆ మాట తీసేస్తే ఏ కేసూ నిలవదు, ఊహకు తట్టే అనుమానం ఎప్పుడూ ఒకటి ఉంటుంది. చట్టం లెక్కలోకి తీసుకునేది కారణం చూపగలిగిన అనుమానమే. సాక్షి ఒక్కమాట అబద్ధమాడాడని మొత్తం సాక్ష్యం పారేయొద్దని, పొల్లూ గింజా వేరు చేయాలని సుప్రీంకోర్టు ఎన్నిసార్లు చెప్పిందో. మా అమ్మమ్మ చేట పట్టి కందులు చెరుగుతుంటే పొట్టు గాలికి లేచేది, ఒక్క గింజ కింద పడనిచ్చేది కాదు.

వనపర్తి: చెరగడం! మిర్యాలగూడ సారు చెప్పిన "వివరింప"కు మన ఇంటి మాట ఇదే. ఇంత మంచి మాట ఉండగా నిఘంటువులు తిప్పుతున్నాం.

నల్లగొండ: ఇవాళ మళ్ళీ పోయి వచ్చాను. తీర్పు వచ్చే నెలకు పడింది. వరండాలో ఏడో ముద్దాయి తల్లి కూర్చుని, వచ్చినోళ్ళందరినీ అడుగుతోంది: "నా కొడుకును ఆడ ఎవలన్న జూసిండ్రా బిడ్డా?" ఆమె మాట విన్నాక "కని" అంటే చూడడమేనని మళ్ళీ అనిపిస్తోంది. వనపర్తి అన్నా, "కనుగొని" అని మీరు ఏ వ్యాఖ్యానం చూసి అన్నారు?