1941లో నార్త్ సీ మీద పోయిన ఎయిర్ గన్నర్ వివరాలు కావాలి, ఎవరికైనా తెలిస్తే చెప్పండి

అందరికీ నమస్తే అండి. మేము ఇంగ్లండ్‌లో సఫోక్‌లో ఉంటున్నాం, పక్కింటి పెద్దావిడకి ఎనభై దాటాయి. మొన్న టీకి పిలిచి ఒక బిస్కెట్ డబ్బా తెచ్చి ముందు పెట్టారు, అందులో వాళ్ళ చిన్నాన్న ఫోటో, యూనిఫాం మీద ఒంటి రెక్క బ్యాడ్జి, మధ్యలో ఏజీ అని అక్షరాలు, అంటే ఎయిర్ గన్నర్, విమానంలో తుపాకీ పేల్చే సైనికుడు. ఇరవై ఏళ్ళు కూడా నిండలేదంట, నిజంగా మన ఇంటర్ పిల్లాడి మొహమే.

ఫోటో వెనక పెన్సిల్‌తో "110 హైదరాబాద్ స్క్వాడ్రన్" (బ్రిటిష్ వైమానిక దళంలో ఒక దళం) అని చూసి నాకు ఒళ్ళు జలదరించింది! 1918లో నిజాం డబ్బుతో విమానాలు కొనిచ్చినందుకు ఆ పేరొచ్చిందంట. రెండో యుద్ధంలో ఆ స్క్వాడ్రన్ వాళ్ళు ఇక్కడి సఫోక్‌లోనే ఉన్న వాటిషామ్ ఎయిర్‌ఫీల్డ్ నుంచి బ్లెన్‌హైమ్ బాంబర్లు నడిపారు, ఒక్కోదాంట్లో ముగ్గురే మనుషులు. ఈ అబ్బాయి 1941లో ఓడల మీద దాడికెళ్ళి తిరిగి రాలేదు, సమాధి లేదు, సమాధి లేని వైమానిక సైనికుల కోసం కట్టిన రన్నీమీడ్ మెమోరియల్ గోడ మీద పేరు మాత్రం ఉంది.

ఆవిడ అడిగేది ఒక్కటే, ఆ రోజు ఏం జరిగింది, మిగతా ఇద్దరూ ఎవరు అని. లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 (AIR 27) అనే వరసలోని స్క్వాడ్రన్ డైరీలు, ఎయిర్ 81 (AIR 81) వరసలోని కేజువాల్టీ ఫైళ్ళు, అంటే చనిపోయిన, కనిపించకుండా పోయిన వాళ్ళ ఫైళ్ళు చూడాలని తెలిసింది. ఎవరైనా ఇలా వెతికారా? పేరు, తేదీ ఉంటే ఫైల్ ఎలా పట్టుకోవాలి, లోపల ఇంటికి రాసిన ఉత్తరాలేమైనా ఉంటాయా? దయచేసి కాస్త చెప్పండి, ఆవిడ ఉండగానే చూపించాలని నా ఆరాటం.