దారి చెప్పడం, దారి చూపడం, దారితీయడం: ఇంగ్లీషులో ఇవన్నీ ఒకటేనా?

కావలి అమ్మ

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. మొన్న ఇంగ్లీషు పరీక్షలో ఒక తెలుగు వాక్యం ఇచ్చి అనువదించమన్నారు: "చూపులేని తాతను మనవడు చేయి పట్టుకుని రోడ్డు దాటించాడు." మా అమ్మాయి లీడ్ అనే క్రియ వాడింది. టీచరు దాన్ని కొట్టేసి పైన గైడ్ అని రాశారు. అడిగితే, "లీడ్ అంటే నాయకత్వం వహించడం. మనవడు తాతకు నాయకుడు కాడు కదా" అన్నారట.

మార్కులు పోయాయని కాదు నా బాధ. పిల్ల ఇంటికి వచ్చి నిఘంటువు తీసింది. గైడ్, లీడ్, స్టీర్, డైరెక్ట్, కండక్ట్... అన్నింటి ఎదురుగానూ "నడిపించు" అనే ఉంది. "అన్నీ ఒకటే అయితే నాది ఎలా తప్పవుతుందమ్మా?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. ఆ వాక్యంలో లీడ్ నిజంగా తప్పా? ఈ తేడాలు తెలుగులో పిల్లలకు చెప్పడానికి వీలుంటుందా, లేక ఇంగ్లీషు చదవగా చదవగా వాళ్లకే పట్టుబడవలసిందేనా?

మూలాపేట మాస్టారు

తప్పకుండా చెప్పవచ్చమ్మా. "నడిపించు" దగ్గర ఆగిపోతే మాత్రం కుదరదు. దాన్ని వదిలి "దారి" అనే మాట పట్టుకోండి.

నెల్లూరులో వీఆర్సీ సెంటరు దగ్గర నిలబడ్డ మనిషిని రంగనాథస్వామి గుడికి ఎలా వెళ్లాలని అడిగారనుకోండి. ఆయన ఉన్నచోటే ఉండి మలుపులు చెబుతాడు. అది దారి చెప్పడం, డైరెక్ట్. అదే మనిషి తన పని మానుకుని పెన్న ఒడ్డు దాకా మీతో నడిచి వచ్చాడనుకోండి. అది దారి చూపడం, గైడ్. ఇక "నిర్లక్ష్యం ప్రమాదానికి దారితీసింది" అని పత్రికల్లో రోజూ చదువుతాం. ఆ దారితీయడానికి ఇంగ్లీషులో లీడ్ ఒక్కటే నప్పుతుంది. అక్కడ గైడ్ పెడితే వాక్యం నిలవదు. గైడ్ చేసేవారికి గమ్యం తెలియాలి, లీడ్‌కు అది అక్కర్లేదు. రోడ్డుకు ఏమి తెలుసు? అయినా అది మనల్ని ఊరికి లీడ్ చేస్తుందనే ఇంగ్లీషువారు అంటారు.

మీ అమ్మాయి రాసింది తప్పు కాదు. చేయి పట్టుకునో తాడు పట్టుకునో తనతో తీసుకుపోవడం లీడ్‌కు ఎప్పటినుంచో ఉన్న అర్థం. నాయకత్వం ఒక్కటే దాని అర్థమని పిల్లలకు నేర్పడం నాకు బాధ కలిగిస్తోంది.

టంగుటూరు రైతు

మాస్టారు గారి మాటకు మా ఇంటి సాక్ష్యం. మాది ఒంగోలు జాతి పశువులున్న ఇల్లు. ముకుతాడు పట్టుకుని ముందు నేను, వెనుక గిత్త నడిస్తే అది లీడ్. వెనుక నుంచి అదిలిస్తూ తోలితే డ్రైవ్. అరక కట్టి, దాపటి ఎద్దు పగ్గం లాగి మడి చివర ఎడమకు మళ్లిస్తే స్టీర్. ఎద్దు ఒకటే, మనిషి ఒకడే. మనిషి నిలబడిన చోటు మారితే క్రియ మారిపోయింది. ఇది పిల్లలను పొలానికి తీసుకువెళ్లి పది నిమిషాల్లో చూపించవచ్చు.

ఇంకొక సంగతి. వృషణాలు కొట్టించిన కోడెను కూడా ఇంగ్లీషులో స్టీర్ అనే అంటారు. ఆ నామవాచకానికీ ఈ క్రియకూ చుట్టరికం లేదు, పుట్టుకలు వేరు. పిల్లలు కలిపేసుకోకుండా ముందే చెప్పాలి.

ఉదయగిరి కొండ

అందరూ ఒప్పుకుంటున్నారు కాబట్టి నేను అడ్డుపడతాను. ఇవన్నీ వాడుక ఏర్పడ్డాక మనం అల్లుకున్న సూత్రాలు. గైడ్ చేసేవారికి గమ్యం తెలియాలన్నారు. చూపులేనివారికి తోడు వెళ్లే శిక్షణ పొందిన కుక్కను గైడ్ డాగ్ అంటారు. ఎక్కడికి వెళ్లాలో దానికి తెలియదు. ఎటు తిరగాలో మనిషే చెబుతాడు, అది గుంటలూ అడ్డంకులూ తప్పిస్తుంది. పైగా అది అడుగు ముందే నడుస్తుంది. మీ లెక్కన దాన్ని లీడ్ డాగ్ అనాలి. ఒక్క ఉదాహరణకే విరిగిపోయే సూత్రాన్ని పిల్లలకు ఎందుకు నేర్పాలి?

సూళ్లూరుపేట

2022లో మా ఊరు నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది కానీ ఈ చర్చలో నాకూ చోటుంటుందనుకుంటాను. శ్రీహరికోట పక్కన పెరిగినవాళ్లం. రాకెట్ పనిలో మూడు మాటలు వేర్వేరుగా ఉంటాయి. ఇప్పుడు ఎక్కడున్నామో తేల్చేది నేవిగేషన్. అక్కడి నుంచి చేరవలసిన కక్ష్యకు ఎటు సాగాలో లెక్కగట్టేది గైడెన్స్. ఆ లెక్క ప్రకారం మంట వెలువడే నాజిల్‌ను తిప్పో మరో విధంగానో రాకెట్‌ను మళ్లించేది కంట్రోల్. స్టీర్ అనే పని జరిగేది ఈ మూడోదాని చేతిలోనే. ఇంజనీర్లు వీటిని కలిపి వాడితే పని చెడుతుంది. తేడాలు ఊహ కాదని చెప్పడానికే ఇది రాశాను.

ముత్తుకూరు రేవు

కృష్ణపట్నం రేవుకు వచ్చే ఓడ మీదా ఇదే కథ. ఓడ కాలువలోకి రాకముందే రేవు పైలట్ చిన్న పడవలో వెళ్లి, తాళ్ల నిచ్చెన ఎక్కి ఓడ మీదికి చేరతాడు. లోతు ఎక్కడ, మేట ఎక్కడ అన్నది ఆయనకు తెలుసు. ఎటు తిప్పాలో ఆయన చెబుతాడు, చక్రం తిప్పేది ఓడ సిబ్బందిలో ఒకడు. స్టీర్ చేసేది ఆ సిబ్బంది మనిషే, పైలట్ కాదు. పైలట్ ఉన్నాడు కదా అని కెప్టెన్ బాధ్యత తీరిపోదు. ఇంగ్లండులో 1894 నాటి నౌకా వాణిజ్య చట్టం పైలట్‌ను నిర్వచిస్తూ, ఓడకు చెందనివాడై దాని కండక్ట్‌ను, అంటే నడిపే పనిని, చేతిలో ఉంచుకున్నవాడు అంది. లీడ్ అనలేదు, స్టీర్ అనలేదు.

స్టీర్ అంటే మన భాషలో చుక్కాని పట్టడమే. ఓడ కుడి వైపును స్టార్‌బోర్డ్ అంటారు, అందులో ఉన్నదీ ఆ స్టీరే. చుక్కాని ఓడ వెనుకకు చేరకముందు, దారి మళ్లించే తెడ్డు కుడి పక్కన వేలాడేది.

కందుకూరు ప్లీడరు

మాస్టారు గారు డైరెక్ట్‌ను దారి చెప్పడంతో సరిపెట్టారు. అది సగమే. కలెక్టరు తహసీల్దారును డైరెక్ట్ చేశారంటే ఆదేశించారని. గైడ్ చేశారంటే సలహా ఇచ్చారని. ఈ తేడా తెలియక అర్జీలు పాడుచేసుకున్నవారిని చూశాను.

అలాగని మాట ఒక్కటే చూసి బలం అంచనా వేయకండి. రాజ్యాంగం నాలుగో భాగంలోవి ఆదేశిక సూత్రాలు. ఇంగ్లీషు పేరులో డైరెక్ట్ ఉంది, తెలుగు పేరులో ఆదేశం ఉంది. అయినా కోర్టు ద్వారా అమలు చేయించుకోలేమని 37వ అధికరణ చెబుతోంది. పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల మీద 1997లో విశాఖ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చినవేమో మార్గదర్శకాలు, పేరులో గైడ్. కానీ 2013లో చట్టం వచ్చేదాకా అవే చట్టంతో సమానంగా నిలిచాయి. క్రియతో పాటు కర్త ఎవరో చూడాలి.

మూలాపేట మాస్టారు

ప్లీడరు గారి సవరణ ఒప్పుకుంటున్నాను. డైరెక్ట్ లాటిన్ మూలానికి తిన్నగా పెట్టడం అని అర్థం. "తిన్నగా వెళ్లండి" అని దారి చెప్పడమూ, మనిషిని తిన్నగా నడవమని ఆదేశించడమూ రెండూ అందులోంచే వచ్చాయి.

ఉదయగిరి వారి కుక్క నన్ను నిన్న రాత్రంతా ఆలోచింపజేసింది. నా సూత్రంలో లోపం ఉంది. గైడ్‌కు గమ్యం తెలియాలనడం కాదు, వెళ్లే పని వెంట వచ్చేవారిది అనాలి. ఎక్కడికి అన్నది చూపులేని మనిషి నిర్ణయం. దారిలోని గుంట సంగతి కుక్కకు తెలుసు. ఓడ ఎక్కడికి పోవాలో కెప్టెన్‌కు తెలుసు, ఇసుక మేట సంగతి పైలట్‌కు తెలుసు. లీడ్‌లో అలా కాదు, ఎటు అన్నది ముందున్నవాడి ఇష్టం. ముకుతాడు పట్టిన రైతు ఎద్దును అడగడు.

మన తెలుగులోనూ ఇలాంటి చిక్కు ఒకటుంది. క్రికెట్ కెప్టెన్‌ను పత్రికలు సారథి అంటాయి. కానీ సారథి పగ్గాలు పట్టేవాడు, ఎటు పోవాలో చెప్పేది రథికుడు. మన నెల్లూరి తిక్కన సోమయాజి భారతాన్ని అందుకున్నది విరాటపర్వంతో. అందులో ఉత్తరుడు రథికుడు, బృహన్నల సారథి. కౌరవ సేనను చూసి ఉత్తరుడు రథం దూకి పారిపోతే బృహన్నల వెంటపడి పట్టుకుని జమ్మిచెట్టు దగ్గరకు తీసుకువస్తుంది. అప్పుడు స్థానాలు మారతాయి. పగ్గాలు ఉత్తరుడికి, గాండీవం అర్జునుడికి. ఆ ఒక్క ఘట్టంలో స్టీర్, లీడ్, డైరెక్ట్ మూడూ చేతులు మారతాయి. ఎనిమిదో తరగతి పిల్లకు ఆ కథ చెప్పి, ఎప్పుడు ఎవరు ఏ పని చేస్తున్నారో అడిగి చూడండమ్మా.

కావలి అమ్మ

రాత్రి కథ చెప్పాను. చాలాసేపు ఆలోచించి, తన వాక్యం దగ్గరకే వచ్చింది. "రోడ్డు దాటే పని తాతదైతే గైడ్. మనవడే తనకు కావలసిన చోటికి తాతను తీసుకెళుతుంటే లీడ్. పని ఎవరిదో ప్రశ్నలో ఇవ్వలేదమ్మా" అంది. రేపు ఇదే మాట టీచరు గారితో మర్యాదగా చెప్పమన్నాను. నేనూ వెంట వెళుతున్నాను.

ఉదయగిరి కొండ

పిల్ల బాగా పట్టుకుంది. కానీ ప్రశ్నలో "చేయి పట్టుకుని" అని స్పష్టంగా ఉంది. నేనింకా లీడ్ వైపే.