ఆయన డాక్టర్ దగ్గరికి రానంటున్నారు, చెప్పకుండా మాత్ర కలపొచ్చా?

ప్రశ్న:
మాకు పెళ్లై పదకొండేళ్లు. మా ఆయన రోజూ తాగుతారు. తాగి గొడవ చేసే మనిషి కాదు, అందుకే ఇన్నాళ్లూ సర్దుకుపోయాను. పొద్దున్నే నీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటారు, అయినా తొణికి చొక్కా తడిసిపోతుంది. నేను చూడనట్టు అటు తిరుగుతాను. చూపించుకుందామంటే "నాకేమన్నా పిచ్చా? నా అంతట నేనే మానేస్తా" అంటారు. పోయిన నెల నిజంగానే మానేశారు. మూడో రోజు రాత్రి ఒళ్లంతా చెమటలు, కంటి మీద కునుకు లేదు. దుప్పటి మీద పురుగులు పాకుతున్నాయని చేత్తో దులుపుతూనే ఉన్నారు. భయమేసి నేనే సీసా తెచ్చిచ్చాను. ఆ పని ఇంకా నన్ను తినేస్తోంది. భోజనంలో తెలియకుండా కలిపే మాత్ర ఉందని తెలిసినావిడ చెప్పింది. కలపొచ్చా?

జవాబు:
వద్దు చెల్లీ, కలపకు. అలా కలిపేది ఎక్కువగా డైసల్ఫిరామ్. అది తాగాలన్న కోరికను చంపదు. దాని మీద తాగితే ఒంట్లో అసిటాల్డిహైడ్ అనే విషం పేరుకుంటుంది. వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. తెలిసి ఒప్పుకున్న మనిషికే ఇవ్వాల్సిన మందు అది. నేను తెలియక మా ఆయనకు కలిపాను. ఆయన బతికారు. కానీ రెండేళ్లు నా చేత్తో ఇచ్చింది ఏదీ ముట్టలేదు.

జవాబు:
నేను నర్సుని. పురుగులు కనబడటం పిచ్చి కాదమ్మా, ఒక్కసారిగా ఆపినందుకు మెదడు తల్లడిల్లడం. రోజూ బాగా తాగేవాళ్లకు మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఈ కలవరింత ఎక్కువగా రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య మొదలవుతుంది, చికిత్స అందకపోతే చనిపోవచ్చు కూడా. ఆ రాత్రి మీరు చేసింది భయంతో చేశారు, మిమ్మల్ని మీరు నిందించుకోకండి. మళ్లీ అలా అయితే మాత్రం నేరుగా ఎమర్జెన్సీకే తీసుకెళ్లండి. అక్కడ వణుకు తగ్గే మాత్రలిచ్చి మెల్లగా తగ్గిస్తారు, బి1 విటమిన్ ఇంజెక్షన్ ఇస్తారు. "తాగుడు మాన్పించడానికి" అనకండి. "చేతులు వణుకుతున్నాయి, నిద్ర లేదు, అది చూపించుకుందాం" అనండి. మామూలు డాక్టరైనా పర్లేదు, ఆ గడప తొక్కితే చాలు. ఆ తర్వాత కోరిక తగ్గించే నాల్ట్రెక్సోన్ లాంటి మందులున్నాయి, లివర్ పరీక్ష చూసి ఇస్తారు.

జవాబు:
నేను ఒకప్పుడు తాగినవాణ్ణి అక్కా. రాత్రి ఏడ్చి చెప్పినవేవీ నాకు పొద్దున గుర్తుండేవి కావు. మా ఆవిడ పొద్దున పూట, గొంతు పెంచకుండా చెప్పింది. "జ్వరమని ఆఫీసుకు ఇక నేను ఫోన్ చెయ్యను" అంది. చెయ్యలేదు కూడా. ఆ రోజు నేనే ఫోన్ చేసి అబద్ధం చెప్పబోయి, మాట రాక పెట్టేశాను. తను అల్-అనాన్ మీటింగులకు వెళ్లేది. 1951లో తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల కోసం పెట్టినది అది. నేను కదలక ముందే తను వెళ్లడం మొదలుపెట్టింది. మీరూ ఆయన కోసం ఆగకండి.

ప్రశ్న అడిగినావిడ:
మాత్ర సంగతి వదిలేశాను. రేపు పొద్దున అటు తిరగను, ఆయన గ్లాసు కింద పెట్టాక వణుకు గురించి అడుగుతాను. ఆ రాత్రి పురుగులు ఆయనకు గుర్తున్నాయో లేదో ఇంతవరకూ అడగనే లేదు.