లేజర్ పడితే ద్రవం ఉబ్బుతుందా, కుంగుతుందా?

బీఎస్సీ_ఫైనలియర్: నిన్న ల్యాబ్‌లో పెట్రీడిష్‌లో పల్చగా నూనె పోసి, రంగు కలిపి, పైనుంచి ఆకుపచ్చ లేజర్ పాయింటర్ వేశాను. గోడ మీద చుక్కలా ఉన్న ప్రతిబింబం కాసేపటికి ఉంగరాలు ఉంగరాలుగా విచ్చుకుంది. నూనెలో గుంట పడిందన్నమాట! ద్రవంలోకి వెళ్తే కాంతి ద్రవ్యవేగం (మొమెంటం, అంటే తగిలినదాన్ని నెట్టే ఊపు) పెరుగుతుందని భౌతిక శాస్త్రవేత్తలు మింకోవ్‌స్కీ (1908), తగ్గుతుందని అబ్రహాం (1909) అన్నారు. పెరిగితే ఉపరితలం ఎదురు తన్నుకుని ఉబ్బాలి, తగ్గితే కుంగాలి. నా నూనె అబ్రహాం పక్షమేనా?

పాత_ల్యాబ్_చెయ్యి: అది కాంతి నెట్టిన గుంట కాదు తమ్ముడూ, వేడి. రంగు కాంతిని పీల్చుకుంటే అక్కడ తలతన్యత తగ్గింది, చుట్టూ ఉన్న చల్లటి నూనె పైపొరను తనవైపు లాక్కుంది. లెక్క వేసి చూడు. 1 వాట్ కాంతి నిటారుగా నీటిలోకి దిగితే ఉపరితలం మీద బలం సుమారు 1 నానోన్యూటన్. 5 మిల్లీవాట్ల పాయింటర్‌తో అయితే ఒక మిల్లీగ్రాము బరువులో 20 లక్షల వంతు! అందుకే 1973లో బెల్ ల్యాబ్స్‌లో ఆష్కిన్ బృందం కిలోవాట్ల స్థాయి పల్స్‌లను కొన్ని మైక్రాన్ల చుక్కలోకి కుదించింది. కాంతి లోపలికి దిగేచోటా, బయటికి వచ్చేచోటా నీరు ఉబ్బింది. మింకోవ్‌స్కీ గెలిచాడు.

ఆప్టిక్స్_స్కాలర్: వేడి సంగతి ఒప్పుకుంటాను అన్నా, గెలుపు ఒప్పుకోను. అదే ఏడాది గోర్డాన్ అనే భౌతిక శాస్త్రవేత్త లెక్కగట్టి చూపించాడు కదా, సన్నటి కిరణంలో కాంతి ఎక్కువున్న మధ్యకి ద్రవం పక్కల నుంచి లాగబడుతుందని. పేస్టు ట్యూబ్ పక్కలు నొక్కినట్టు మధ్యలో పైకి తన్నుకొస్తుంది. ఆ లెక్కలో అబ్రహాం సూత్రంతోనూ ఉబ్బే వస్తుంది. పైగా 2015లో కుదించని వెడల్పాటి కిరణం వేస్తే ద్రవం లోపలికి కుంగిందని ఒక ప్రయోగం వచ్చింది.

పాత_ల్యాబ్_చెయ్యి: అందులో ద్రవం లోపలి ప్రవాహాన్ని వేరుచేసి చూడటం తేలిక కాదమ్మా. ఉబ్బు ఒక్కటే చాలదన్న మాటకి మాత్రం సరే.

ఆప్టిక్స్_స్కాలర్: నాకు 2010లో భౌతిక శాస్త్రవేత్త బార్నెట్ చెప్పిందే సబబనిపిస్తుంది. అబ్రహాంది వస్తువును కదిలించే ద్రవ్యవేగం, మింకోవ్‌స్కీది తరంగదైర్ఘ్యంతో ముడిపడ్డది. రెండూ నిజమే, కొలిచేవి వేరు. తమ్ముడూ, నువ్వు రంగు కలపకుండా అదే నూనె, అంతే మందంలో పోసి చూడు. ఉంగరాలు రాకపోతే ఈ గొడవలో నీ డిష్‌కి చోటే లేదు.

బీఎస్సీ_ఫైనలియర్: రేపు పొద్దున్నే పోస్తానక్కా. ఫొటో పెడతాను.