అమ్మానాన్న డల్లాస్ వస్తున్నారు: 777-200 ఎల్ఆరా, 777-300 ఈఆరా?

రాజోలు కుర్రాడు, డల్లాస్

అందరికీ నమస్కారమండి. నేను డల్లాస్ వచ్చి నాలుగు నెలలైంది. ఈ గ్రూపులో ఇదే నా మొదటి మెసేజ్. డిసెంబరులో అమ్మానాన్న వస్తున్నారు, ఇద్దరూ ఇంతవరకు విమానం ఎక్కలేదు. నాన్న ఆరడుగుల మనిషి, ఎడమ మోకాలు అరిగింది. అమ్మకి షుగర్, రెండు గంటలకోసారి బాత్రూమ్‌కి లేవాలి. హైదరాబాద్ నుంచి ఒక స్టాప్‌తో రెండు టికెట్లు చూసి పెట్టాను. రెండింట్లోనూ పెద్ద ప్రయాణం బోయింగ్ 777 లోనే. కాకపోతే ఒకదాంట్లో 777-200 ఎల్ఆర్ అని, రెండోదాంట్లో 777-300 ఈఆర్ అని ఉంది. 300 ఉన్న టికెట్ మనిషికి 140 డాలర్లు ఎక్కువ. 300 అంటే పెద్దది కదా, సీటు కూడా పెద్దగా ఉంటుందాండి? ఆ డబ్బు పెట్టొచ్చా?

పాలకొల్లు బాబాయ్, టొరంటో

రా అబ్బాయ్, రా. నేనొచ్చి 22 ఏళ్ళు. ముందు నువ్వు అడగనివి చెప్తాను. ఒకటి, డిసెంబరులో పిలుస్తున్నావు, స్వెట్టర్లు రాజోలులో కొనకు, అక్కడ దొరికేవి ఇక్కడి చలికి తువ్వాలుతో సమానం. రెండు, మీ అమ్మగారికి షుగర్ అన్నావు కాబట్టి ఇన్సూరెన్స్ కాగితంలో పాత జబ్బుల సంగతి ఏం రాశాడో చదివి కొను. మూడు, టికెట్ కొన్నాక 24 గంటల్లో ఎప్పుడైనా కాన్సిల్ చేసుకోవచ్చు, డబ్బంతా వెనక్కి ఇవ్వాలి, అది అమెరికా రూలు. ఇక నీ ప్రశ్న. 300 పెద్దది, 200 చిన్నది. పెద్ద ఇంట్లో పెద్ద గదులు. కళ్ళు మూసుకుని 300 కొను.

భీమవరం రొయ్య, సియాటెల్

బాబాయ్ గారూ, ఏమీ అనుకోకండి, కళ్ళు తెరిచే కొనాలి. 777లో 200 అయినా 300 అయినా లోపలి వెడల్పు ఒకటే, 5.87 మీటర్లు. తేడా అంతా పొడవులోనే. 200 ఎల్ఆర్ 63.7 మీటర్లు, 300 ఈఆర్ 73.9 మీటర్లు. అంటే పెద్ద ఇల్లు కాదండి, పొడుగు ఇల్లు. గదులు అవే.

తమ్ముడూ, ఎల్ఆర్, ఈఆర్ అనేవి ఎంత దూరం పోతుందో చెప్పే మాటలు. 200 ఎల్ఆర్‌ని 2005 నవంబరులో హాంకాంగ్ నుంచి తూర్పు దిక్కుగా లండన్ దాకా ఎక్కడా ఆగకుండా నడిపారు, 21,602 కిలోమీటర్లు, 22 గంటల 42 నిమిషాలు. గొప్పే. కానీ అందులో నాన్నగారి మోకాలికి ఒరిగేదేమీ లేదు.

అసలు సంగతి వరసకి ఎన్ని సీట్లు బిగించారన్నది. మన పల్లెవెలుగు బస్సు, సూపర్ లగ్జరీ బస్సు గుర్తు తెచ్చుకో. రెండూ ఇంచుమించు అంతే వెడల్పు. ఒకదాంట్లో ఇటు మూడు అటు రెండు, ఇంకోదాంట్లో ఇటు రెండు అటు రెండు. రావులపాలెం దాటేసరికి తేడా నడుముకి తెలిసిపోతుంది. 777 కూడా అంతే. 1995లో వచ్చినప్పుడు చాలా కంపెనీలు వరసకి 9 వేశాయి. తర్వాత తర్వాత 10 కుక్కడం మొదలైంది. 9 వేస్తే సీటు 18 అంగుళాల పైమాట, 10 వేస్తే 17 దగ్గర. డెల్టా కంపెనీ 200 ఎల్ఆర్‌లో వరసకి 9 ఉండేవి (మన డెల్టా కాదండోయ్, మిసిసిపీ డెల్టా పేరది). వాళ్ళు 2020లో 777లన్నీ పక్కన పెట్టేశారు. అదే 200 ఎల్ఆర్‌లో ఎమిరేట్స్ వాళ్ళు 10 వేశారు. ఒకే విమానం, ఒకే వెర్షన్, రెండు రకాల కూర్చోవడం.

కాబట్టి నువ్వు చూడాల్సింది 200, 300 అంకెలు కాదు. టికెట్ అమ్మే యాప్‌లో కాకుండా విమానం కంపెనీ సొంత సైట్‌లో సీట్ల పటం తెరిచి, ఎకానమీలో ఒక వరసకి ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టు, సీటుకొక ఇంగ్లీషు అక్షరం. ఏ నుంచి కె దాకా ఉంటుంది, మధ్యలో ఐ అక్షరం వదిలేస్తారు. 3-3-3, అంటే రెండు నడవల మధ్య మూడు, అటూ ఇటూ మూడేసి అయితే కొను, మధ్యలో నాలుగు పెట్టిన 3-4-3 అయితే ఆలోచించు.

పెనుగొండ పిన్ని, న్యూజెర్సీ

పటం చూసి మురిసిపోకు బాబూ. మా కథ విను.

2019లో మా అత్తగారు, మామగారు వచ్చారు. అదీ 777-300 ఈఆరే. రొయ్య గారు చెప్పినట్టే పటం తెరిచి, 3-3-3 అని చూసుకుని, 31వ వరసలో హెచ్, జె అని రెండు సీట్లకి మూడు నెలల ముందే విడిగా డబ్బు కట్టాను. నడవ పక్కది అత్తగారికి, లేవడానికి వీలుగా ఉంటుందని. తీరా ఆ రోజు మధ్య ఊళ్ళో విమానం మార్చారు. మార్చినది కూడా 777-300 ఈఆరే! కానీ అది 3-4-3 వేసిన విమానం. కంపెనీ ఒకటే, విమానం పేరు ఒకటే, లోపల వేరు. కంప్యూటర్ సీట్లన్నీ కలిపేసి మళ్ళీ పంచింది. మామగారు 27వ వరస, అత్తగారు 44వ వరసలో నాలుగు సీట్ల మధ్యలో.

మా అత్తగారికి తెలుగు తప్ప రాదు. అటు పక్కాయన, ఇటు పక్కావిడ దుప్పట్లు కప్పుకుని పడుకున్నారు. వాళ్ళని లేపడానికి మొహమాటం. లేవాల్సి వస్తుందని మంచినీళ్ళు తాగడం మానేసింది. 14 గంటల్లో ఒక్కసారి లేచింది. మామగారు వెతుక్కుంటూ రెండుసార్లు వెనక్కి వచ్చారట, రెండుసార్లూ బెల్టు లైటు వెలిగిందని వెనక్కి పంపేశారు. న్యూవార్క్‌లో దిగేసరికి ఆవిడ కాళ్ళు వాచిపోయి చెప్పులు పట్టలేదు. చెప్పులు సంచిలో పెట్టుకుని ఉత్త కాళ్ళతో బయటికి వచ్చింది. నన్ను చూసి మొదటి మాట, "అమ్మాయ్, ఆ సీటుకి మనం డబ్బు కట్టామా?"

తర్వాత నా యుద్ధం. ఫోన్ చేస్తే ఆ అమ్మాయి ఎంత తియ్యగా చెప్పిందనుకున్నారు! "మేడమ్, విమానం రకం మారలేదు కదా, 777 అని అమ్మాం, 777 లోనే తీసుకొచ్చాం" అంది. మూడు ఉత్తరాలు రాశాను. సీట్ల డబ్బు చేతికి రావడానికి అయిదు నెలలు పట్టింది. అది కూడా ఒక మనిషిది ముందు, ఒక మనిషిది తర్వాత.

అందుకని నేను చెప్పేదేంటంటే, ప్రయాణానికి వారం ముందు ఒకసారి, ముందురోజు ఒకసారి, చెకిన్ తెరిచిన క్షణంలో ఒకసారి పటం చూడు. 9 అక్షరాలు 10 అయ్యాయంటే వెంటనే ఫోన్ చెయ్యి. కౌంటర్ దగ్గర దాకా ఆగావంటే అయిపోయింది.

పాలకొల్లు బాబాయ్, టొరంటో

అమ్మా పిన్నీ, ఈ కథ మూడోసారి వింటున్నాం. పోయినసారి చెప్పినప్పుడు 12 గంటలు.

పెనుగొండ పిన్ని, న్యూజెర్సీ

12 కాదు బాబాయ్ గారూ, 14. మీరు కూర్చున్నారా, మా అత్తగారు కూర్చున్నారా? పైగా మీ 24 గంటల రూలు కూడా సగమే. కంపెనీ దగ్గర నేరుగా కొనాలి, ప్రయాణానికి కనీసం 7 రోజులుండాలి. ఊళ్ళో ఏజెంటు దగ్గర కొంటే ఏజెంటు చెప్పిందే రూలు.

ముమ్మిడివరం, దోహా

సలామండి అందరికీ. నేను ఎయిర్‌పోర్టులో సామాన్ల సెక్షన్‌లో 11 ఏళ్ళుగా చేస్తున్నాను, రోజూ విమానాల కిందే ఉంటాను. తమ్ముడికి ఇంకో దారి చెప్తాను. 3-4-3 అని భయపడక్కర్లేదు. 777 తోక దగ్గర ఒళ్ళు సన్నబడుతుంది కదా, అక్కడ మూడు పట్టవు. చాలా కంపెనీల 300 ఈఆర్‌లో చివరి రెండు మూడు వరసలు 2-4-2. కిటికీ వైపు జంట సీట్లు. నాన్నగారు, అమ్మగారు ఇద్దరే, మధ్యలో మూడో మనిషి ఉండడు. నడవ పక్క అమ్మగారు, కిటికీ పక్క నాన్నగారు. ఒళ్ళు వంపు తిరిగిన చోటు కాబట్టి సీటుకీ గోడకీ మధ్య కాస్త సందు కూడా ఉంటుంది, చేతిసంచి పడుతుంది. బాత్రూమ్ వెనకే.

యానాం అల్లుడు, హ్యూస్టన్

బాత్రూమ్ వెనకే, వాసన కూడా వెనకే. తోకలో కూర్చుంటే ఊపు ఎక్కువ. అంత పొడుగు విమానంలో మరీనూ. గాలి కాస్త తేడాగా ఉందంటే వరద రోజుల్లో నర్సాపురం రేవులో పంటు ఎక్కినట్టే. మొదటిసారి ఎక్కే వాళ్ళని అక్కడ కూర్చోబెడతారా? రెక్క మీద వరసలు కొను, ఊపు తక్కువ. నాన్నగారికైతే ఎమర్జెన్సీ తలుపు దగ్గర సీటు కొను, కాళ్ళు బారజాపుకోవచ్చు.

ముమ్మిడివరం, దోహా

అల్లుడుగారూ, మోకాలు అరిగిన మనిషికి ఆ తలుపు దగ్గర సీటు ఇవ్వరండి. అవసరమొస్తే తలుపు తీసి సాయం చెయ్యగలిగిన వాళ్ళకే ఇస్తారు. వీల్‌చైర్ అడిగితే అసలే ఇవ్వరు. డబ్బు కట్టించుకుని గేటు దగ్గర లేపేస్తారు. వీల్‌చైర్ మాత్రం ఇద్దరికీ పెట్టు తమ్ముడూ, 48 గంటల ముందే చెప్పు, దానికి డబ్బు లేదు. దాని వల్ల ఇంకో సంగతి. వీల్‌చైర్ వాళ్ళని ఎలాగూ ఆఖర్న దింపుతారు. ముందు కూర్చున్నా వెనక కూర్చున్నా దిగేది అప్పుడే. అందుకే తోక సీటు మీ వాళ్ళకి నష్టం కాదు.

యానాం అల్లుడు, హ్యూస్టన్

అయితే 777 గొడవే మానెయ్యి. బోయింగ్ వాళ్ళదే 787 ఉంది, అది ఎక్కించు. 2021లో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకి నేరుగా విమానం వేసినప్పుడు నేను 777-200 ఎల్ఆర్ ఎక్కాను, 787 కూడా ఎక్కాను. 787లో దిగితే తల దిమ్ముండదు. కిటికీలు పెద్దవి, తెర లాగక్కర్లేదు, బటన్ నొక్కితే అద్దమే నల్లబడుతుంది.

భీమవరం రొయ్య, సియాటెల్

ఆ దిమ్ము మాట నిజమే. పాత అల్యూమినియం విమానాల్లో లోపలి గాలి ఒత్తిడి 8000 అడుగుల ఎత్తున ఉన్నట్టు దాకా తగ్గుతుంది, అంటే ఊటీ కన్నా కాస్త పైన. 787 ఒళ్ళు కార్బన్ ఫైబర్‌తో చేసింది కాబట్టి 6000 అడుగుల దగ్గర ఆపగలరు, గాలిలో తేమ కూడా కాస్త ఎక్కువ ఉంచగలరు. అంతర్వేది గాలి పీల్చి పెరిగిన మనిషికి ఆ రెండు వేల అడుగులు తెలుస్తాయి.

కానీ సీటు మాటకొస్తే 787 గొప్పేమీ కాదు. లోపలి వెడల్పు 5.49 మీటర్లు. మొదట అనుకున్నది వరసకి 8. చాలామంది 9 బిగించేశారు, అంటే మళ్ళీ 17 అంగుళాల దగ్గరికే. జపాన్ ఎయిర్‌లైన్స్ ఒక్కటే అంతర్జాతీయ విమానాల్లో 8 ఉంచింది. అక్కడ కూడా 787-8, 787-9 అని చూసి మోసపోకు. 787-8 కన్నా 787-9 ఆరు మీటర్లు ఎక్కువ పొడుగు, వెడల్పు అదే. ఊపిరి 787లో బాగుంటుంది, భుజాలు 9 సీట్ల 777లో బాగుంటాయి. రెండూ కావాలంటే 9 సీట్ల ఎయిర్‌బస్ 350 చూడు, 18 అంగుళాలు వస్తుంది.

పాలకొల్లు బాబాయ్, టొరంటో

మా రోజుల్లో మూడు విమానాలు మారి, గోంగూర పచ్చడి ఒళ్ళో పెట్టుకుని వచ్చాం. ఎవడు కొలిచాడు అంగుళాలు?

పెనుగొండ పిన్ని, న్యూజెర్సీ

ఆ పచ్చడి పక్కాయన ప్యాంటు మీద కారిన సంగతి కూడా చెప్పండి బాబాయ్ గారూ.

భీమవరం రొయ్య, సియాటెల్

కొలవడం మంచిదే. తమ్ముడూ, ఈ రాత్రి ఇంటికి ఫోన్ చెయ్యి. నాన్నగారిని చెక్క కుర్చీలో వీపు ఆనించి కూర్చోమని, వెనక నుంచి మోకాలి చివరి దాకా టేపుతో కొలవమను. సీట్ల మధ్య దూరం ఎకానమీలో మామూలుగా 31, 32 అంగుళాలు అంటారు, కానీ అందులోంచి సీటు వీపు మందం తీసెయ్యాలి. ఇంకోటి, కొన్ని సీట్ల కింద టీవీ తాలూకు ఇనప డబ్బా ఉంటుంది, ఎడమ మోకాలు వైపు అది రాకుండా చూడు. మొట్టమొదటి వరస కొనకు. అక్కడ ట్రే చేతిపిడిలో ఉంటుంది, పిడి పైకి లేవదు, సీటు ఇంకా ఇరుకు.

రాజోలు కుర్రాడు, డల్లాస్

అందరికీ చాలా థాంక్సండి. పటాలు తెరిచి చూశాను. 140 డాలర్లు ఎక్కువ ఉన్న 300 ఈఆర్‌లోనే వరసకి 10! 200 ఎల్ఆర్‌లో 9. ఇంకాస్తలో డబ్బు పోసి ఇరుకు కొనేవాణ్ణి. 200 ఎల్ఆర్ బుక్ చేశాను, కంపెనీ సైట్‌లోనే. తోక వద్దనుకున్నాను, ముమ్మిడివరం అన్నయ్యగారు క్షమించాలి. సి ఒకరికి, డి ఒకరికి, మధ్యలో నడవ. ఇద్దరూ ఎవరినీ లేపకుండా లేవొచ్చు, నాన్న ఎడమ కాలు నడవలోకి పెట్టుకునేలా డి ఆయనకి ఇచ్చాను. వీల్‌చైర్లు పెట్టాను. పిన్నిగారు చెప్పిన మూడు తేదీలకీ ఫోన్‌లో అలారం పెట్టాను.

నాన్న మోకాలు కొలత 25 అంగుళాలు వచ్చింది. అమ్మ కుట్టుమిషన్ టేపుతో కొలిచింది. ఇంత వివరించాక ఆయన అడిగిందల్లా ఒక్కటే. మధురపూడి (రాజమండ్రి ఎయిర్‌పోర్టు) నుంచి హైదరాబాద్ చిన్న విమానంలో ఏ పక్క కూర్చుంటే గోదావరి కనిపిస్తుంది?

పాలకొల్లు బాబాయ్, టొరంటో

ఎడమ పక్క. బ్రిడ్జీలు, ధవళేశ్వరం ఆనకట్ట, అన్నీ ఆ పక్కే.

యానాం అల్లుడు, హ్యూస్టన్

కుడి పక్క. పాపికొండలు కుడి పక్కే కదా.

ముమ్మిడివరం, దోహా

ఏటీఆర్ అనే పంకాల చిన్న విమానం అయితే రెక్క కిటికీల పైన ఉంటుంది, ఇటు రెండు అటు రెండే సీట్లు. ఏ పక్కైనా కిందికి బాగానే కనిపిస్తుంది. ఇద్దరికీ చెరో కిటికీ కొనమను.

పాలకొల్లు బాబాయ్, టొరంటో

ఎడమ పక్కే అబ్బాయ్. నేను చూశాను.