రొయ్యల గుంటల గట్లు రాడార్ చిత్రంలో విడివిడిగా కనిపించాలంటే ఏం చేయాలి?

కావలి_ఎంటెక్:
అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటల్ని సెంటినెల్-1 (యూరప్ రాడార్ ఉపగ్రహం) చిత్రాల్లో గుర్తించడం నా ప్రాజెక్టు. తుఫాన్ల నెలల్లో అంతా మబ్బే కాబట్టి రాడార్ తప్ప దారి లేదు. నీళ్లు నల్లగా బాగానే పడుతున్నాయి గానీ సన్న గట్లు మాయమై నాలుగు గుంటలు కలిసి ఒకటే చెరువులా ఉంటున్నాయి. ఇన్వర్స్ స్కాటరింగ్‌తో (తిరిగొచ్చిన తరంగాల నుంచి నేల ఎలా ఉందో వెనక్కి లెక్క కట్టే పద్ధతి) రిజల్యూషన్ పెంచమంటున్నారు మా గైడ్. జీఆర్‌డీ ఫైళ్ల మీదే చేసేయొచ్చా?

ఫేజ్_మాస్టారు:
కుదరదు తమ్ముడూ. జీఆర్‌డీలో ఫేజ్ (తరంగం ఏ దశలో తిరిగొచ్చిందన్న వివరం) తీసేసి తీవ్రత ఒక్కటే ఉంచుతారు, ఫేజ్ లేకుండా వెనక్కి లెక్క కట్టేదేముంది? ఎస్ఎల్‌సీ (ఫేజ్ కూడా ఉండే ఫైళ్లు) దించుకో. ఐడబ్ల్యూ మోడ్‌లో (నేల మీద మామూలుగా వాడేది) రిజల్యూషన్ అడ్డదిశన నేల మీద సుమారు 5 మీటర్లు, ఉపగ్రహం వెళ్లే దిశలో సుమారు 20. యాంటెన్నా పొడవు 12.3 మీటర్లు కాబట్టి రాడార్ మామూలు లెక్కన ఆ దిశలో అందులో సగం, అంటే 6 రావాలి కదా అంటావేమో, 250 కిలోమీటర్ల వెడల్పు పట్టడానికి బీమ్‌ను తిప్పుతుంటారు, ఒక్కో చోటును చూసే సమయం తగ్గిపోతుంది. ఉపగ్రహం దాదాపు ఉత్తర దక్షిణాలుగా వెళ్తుంది కాబట్టి ఆ దిశలో ఉన్న గట్లు నీకు కాస్త తేలిగ్గా దొరకాలి, చూడు.

గూడూరు_గణితం:
ఇన్వర్స్ అనగానే కొత్త సమాచారం పుట్టదు, నేల ఎలా ఉంటుందో మనం ముందే అనుకున్నది లెక్కలో కలుపుతున్నాం అంతే. నేరుగా విలోమం చేస్తే చిన్న సింగులర్ విలువల (సమాచారం బలహీనంగా ఉన్న భాగాల) దగ్గర నాయిస్ విపరీతంగా పెరుగుతుంది, అందుకే రెగ్యులరైజేషన్, అంటే ముందే అనుకున్నదానితో లెక్కకు కళ్లెం వేయడం. అందులో టిఖొనోవ్ రకం పెడితే అంచులు మొద్దుబారతాయి. ఎల్-1 రకం జువ్వలదిన్నె హార్బర్‌లో పడవల్లాంటి మెరిసే చుక్కలకు బ్రహ్మాండం, గట్లకు కాదు. టోటల్ వేరియేషన్ (అంచులు నిలిపి మిగతాది నున్నగా చేసే రకం) ప్రయత్నించు, కానీ లాంబ్డా (ఆ కళ్లెం బలం) పెంచావా, ముందు తినేసేది నీ సన్న గట్లనే.

కావలి_ఎంటెక్:
ఎస్ఎల్‌సీలో చూశానన్నా, మీరన్నట్టే ఉంది, తూర్పు పడమర గట్లే కలిసిపోతున్నాయి. కాకపోతే అంతా గరుకుగా చుక్కలు చుక్కలు.

ఫేజ్_మాస్టారు:
అది స్పెకిల్, ఒక్కో గడిలోని ఎన్నో చిన్న ప్రతిధ్వనులు కలిసి చేసే గరుకు. ఇన్వర్షన్ జోలికి పోకముందు ఒకే కక్ష్యలో వేర్వేరు తేదీల ఎస్ఎల్‌సీలను సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చి తీవ్రతల సగటు తీయి. నీళ్లు మారినా గట్లు కదలవు, సగం పని అక్కడే అయిపోవచ్చు. ఇంకోటి, ఈ పద్ధతుల్లో ఎక్కువ భాగం బార్న్ అప్రాక్సిమేషన్ మీద నడుస్తాయి, తరంగం ఒక్కసారే తగిలి తిరిగొచ్చిందని లెక్క. నీళ్ల దగ్గర అది తప్పుతుంది. నీటి మీద వంతెన ఒక్కోసారి రెండు మూడు సమాంతర గీతలుగా పడేది అందుకే: ఒకటి నేరుగా తగిలి వచ్చింది, మిగతావి నీటికి కూడా తగిలి ఆలస్యంగా చేరినవి. గుంటల పక్క షెడ్ల దగ్గరా లేని గట్టు కనిపిస్తే ఇదే అనుమానించు.