పెద్ద వానే పడని ఏడాదిలో రోడ్డు వరదను తట్టుకుందని ఎలా చూపించాలి?

వాగుగట్టు:
అందరికీ నమస్కారం. మా మండలంలో గండ్లు పడిన ఒక పల్లె రోడ్డు మీద వరదను తట్టుకునే పనులు చేశాం. పైపు కల్వర్టులు తీసేసి బాక్స్ కల్వర్టులు కట్టి, వాగు మీది ఒక లోలెవల్ కాజ్‌వే (వరదొస్తే నీళ్లు పైనుంచే పారే తక్కువ ఎత్తు దారి) ఎత్తు పెంచాం. మూల్యాంకన రిపోర్టు నా నెత్తిన పడింది. ఎన్ని కల్వర్టులు, ఎన్ని మీటర్ల కాలువ, ఖర్చెంత, అవన్నీ నింపేశాను. చివర్లో "వాతావరణ మార్పును తట్టుకునే శక్తి ఎంత పెరిగింది" అని ఒక గడి ఉంది. పోయిన వానాకాలం మా వైపు చెప్పుకోదగ్గ వానే లేదు, రోడ్డు మునగలేదు. మా సార్ "వంద శాతం అని రాసెయ్" అంటున్నారు, నాకు చెయ్యి రావట్లేదు.

రిటైర్డ్ ఏఈ:
రాయకు తమ్ముడూ. వాన పడని ఏడు మునగకపోవడం రోడ్డు గొప్పా? కల్వర్టుల లెక్క మనం చేసిన పని, అంతే. ఎంత వానకి ఎన్ని గంటలు రాకపోకలు ఆగాయి అన్నదే అసలు కొలత. తెలంగాణలో అయితే రాష్ట్ర ప్రభుత్వ అభివృద్ధి ప్రణాళికా సొసైటీ ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల లెక్కలు తీసుకో. వాతావరణ శాఖ లెక్కలో రోజుకి 64.5 మి.మీ. దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. మీ దగ్గర పెద్ద వాన 50 దగ్గరే ఆగిపోతే, "50 వరకూ చూశాం, ఆపైన ఇంకా పరీక్ష కాలేదు" అని రాయి. అందులో నామోషీ ఏం లేదు.

వాగుగట్టు:
సరే సార్, కానీ పనులకు ముందు ఎన్ని గంటలు ఆగేదో ఎవరూ రాసిపెట్టలేదు. దేంతో పోల్చాలి?

చివరి ట్రిప్పు:
అన్నా, ఆర్టీసీ డిపోకి వెళ్లి అడగండి, రద్దయిన ట్రిప్పులు, సగంలోనే వెనక్కి తిప్పిన బస్సులు ఏ రోజువో దొరకొచ్చు. పాల కేంద్రం రిజిస్టర్ ఇంకా మేలు, వ్యాన్ రాని పూట పాలు ఎత్తలేదని తెలిసిపోతుంది. మా ఊళ్లో అందరూ "మూడ్రోజులు దారి లేదు" అన్నారు, రిజిస్టర్ చూస్తే మూడు పూటలే! అబద్ధం అని కాదు, కష్టం అలాగే గుర్తుంటుంది మరి. అదే వాగు మీద మరమ్మతు చేయని పక్క రోడ్డు ఉంటే దాన్నీ కలిపి చూడండి.

నల్లరేగడి:
మునగడం ఒక్కటే చూడకండి. మాది నల్లరేగడి నేల, రోడ్డు పక్కన నాలుగు రోజులు నీళ్లు నిలిస్తే చాలు, పైకి ఏమీ కనపడదు, లోపల మట్టి మెత్తబడిపోతుంది, తర్వాత ఇసుక లారీలు తిరిగితే గాడి పడుతుంది. రోడ్డు కింది మట్టి బలం కొలిచే సీబీఆర్ పరీక్షలో నమూనాని నాలుగు రోజులు నానబెట్టేది ఇందుకే కదా. బెర్ములు, అంటే తారు పక్కన ఉండే మట్టి అంచులు, తారు కంటే ఎత్తుగా ఉన్నాయేమో చూడండి, ఉంటే వాన నీళ్లు పక్కకి దిగవు. నేను ఒక కొత్త బాక్స్ కల్వర్టు చూశాను, కాగితం మీద ఎత్తు రెండు మీటర్లు, కర్ర గుచ్చి చూస్తే సగానికి పైగా ఒండ్రు, నోటి దగ్గర సర్కారు తుమ్మ. రిపోర్టులో మాత్రం "పని పూర్తి". ఏటా మృగశిర కార్తెకి ముందు ఒకసారి ఖాళీ ఎంతుందో కొలిచి ఫొటో తీయండి, అది కూడా మూల్యాంకనమే.

రిటైర్డ్ ఏఈ:
ఇంకోటి మరిచాను. కాజ్‌వే ఎత్తు పెంచామన్నావు, నీళ్లు వెనక్కి ఎగదన్ని ఎగువ పొలాల్లోకి పోతున్నాయా? కట్ట ఎత్తుగా ఉండి నీటికి దారి చాలకపోతే ఏమవుతుందో 2024 సెప్టెంబర్ 1 వరదలో చూశాం, మహబూబాబాద్ వైపు కేసముద్రం, ఇంటికన్నె స్టేషన్ల మధ్య రైలు పట్టాల కింద కంకరే కొట్టుకుపోయింది. ఎగువ రైతులతో మాట్లాడకుండా ఆ గడి నింపకు.

వాగుగట్టు:
ఒకాయన ఇప్పటికే గొడవ పెట్టుకున్నాడు సార్, నేనే పట్టించుకోలేదు. రేపు డిపోకి, అటునుంచి ఆయన పొలానికి వెళ్తా. నీటి ఎత్తు కొలవడానికి కాజ్‌వే దగ్గర రాయి మీద పెయింట్‌తో గీతలు వేస్తే చాలా?

నల్లరేగడి:
చాలు, పసుపు మీద నల్ల ఎనామిల్ వేయండి. సున్నా మాత్రం వాగు అడుగున పెట్టొద్దు, రోడ్డు పైమట్టానికి పెట్టండి, అప్పుడు పక్కింటి పిల్లాడు ఫొటో పంపినా రోడ్డు మీద ఎంత నీళ్లున్నాయో వెంటనే తెలుస్తుంది. నీళ్లలోకి దిగొద్దని, గట్టు మీంచే తీయమని వాడికి గట్టిగా చెప్పండి.